గేమింగ్ కంప్యూటరా... అయితే లెక్క వేసుకుందాం!

బంగారం కొట్టుకు వెళ్తే మనల్ని ఏమార్చడం అంత సులువు కాదు. తరుగెంత, మజూరీ ఎంత, హాల్‌మార్క్ ఉందా అని అడిగి గానీ పర్సు తీయం. పోచంపల్లి చీరను చేత్తో పట్టుకుని మగ్గం మీద నేసిందో, ప్రింటు కొట్టిందో చెప్పేస్తాం. అదే కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'అవన్నీ పిల్లలకే తెలుసులే' అని డబ్బు లెక్కపెట్టి ఇచ్చి పక్కన నిలబడతాం. ఎందుకలా? నలభై, యాభై వేలు పోసి కొనే వస్తువు అది. ఇంట్లో ఫ్రిజ్ కంటే, వాషింగ్ మెషిన్ కంటే ఖరీదు. లోపల ఏముందో, ఏ భాగానికి ఎంత పెట్టాలో తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. కూరగాయలు బేరమాడే తెలివి ఉంటే చాలు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నల్లగొండలో టైలరింగ్ షాపు నడుపుకునే దాన్ని. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఈ మధ్య మా అమ్మాయికి డెస్క్‌టాప్ కంప్యూటర్ కొనాల్సి వచ్చి, నెల రోజులు తిరిగి, అడిగి, రాసుకుని తెలుసుకున్న సంగతులివి. మీ ఇంట్లోనూ ఇదే అడుగుతున్న పిల్లలు ఉంటారు కదా, పనికొస్తాయని రాస్తున్నాను.

లాప్‌టాప్ ఉందిగా, మళ్లీ ఇదెందుకు?

మా ఇంట్లో వచ్చిన మొదటి ప్రశ్న ఇదే. 2017లో మా అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న లాప్‌టాప్ ఒకటుంది. వాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ చెల్లెలికి వదిలేసి వెళ్లాడు. అమ్మాయి డిగ్రీ చదువుతోంది. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని బొమ్మలు కదిలించడం సొంతంగా నేర్చుకుంటోంది. గేమ్స్ కూడా ఆడుతుంది, దాచేదేముంది! లాప్‌టాప్ మాత్రం అరగంటకే పొయ్యి మీద పెనంలా కాలేది. మూత కీలు విరిగింది. చివరికి బ్యాటరీ ఉబ్బి కీబోర్డును పైకి తోసింది.

ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. బ్యాటరీ ఉబ్బిన లాప్‌టాప్‌ను చార్జింగ్ పెట్టొద్దు, పరుపు మీద ఉంచొద్దు. ఉబ్బును నొక్కడం, పిన్నుతో పొడవడం అసలే వద్దు, మంటలు లేస్తాయి. తెలిసిన మెకానిక్ చేత బ్యాటరీ తీయించి, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయాలి. చెత్తబుట్టలో పడేయకూడదు.

బ్యాటరీ, కీలు మార్పిస్తే సరిపోతుందా అంటే అదీ కుదరలేదు. ఆ లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 10. దానికి కంపెనీ ఇచ్చే ఉచిత రక్షణ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. విండోస్ 11 వేద్దామంటే 2017 నాటి మా ప్రాసెసర్ ఆ జాబితాలో లేదు. ముసలి ఎద్దుకు కొత్త కాడి కొన్నట్టే అవుతుందని మా వారే అన్నారు.

అయితే కొత్త లాప్‌టాప్ కొనొచ్చుగా? కొనొచ్చు. అమ్మాయి హాస్టల్‌లో ఉండి చదివేదైతే నేనూ లాప్‌టాప్ వైపే మొగ్గేదాన్ని. డెస్క్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని బస్సెక్కలేం కదా. కానీ ఇంట్లోనే ఉండి చదివే పిల్లకు, అందులోనూ గేమ్స్, యానిమేషన్ పనులకు డెస్క్‌టాప్ నయం అని నాకు అనిపించింది. కారణాలు మూడు. ఒకటి, అదే డబ్బుకు డెస్క్‌టాప్‌లో ఎక్కువ శక్తి వస్తుంది. రెండు, మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో 43, 44 డిగ్రీలు మనకు కొత్త కాదు. వేడి పెరిగితే కంప్యూటర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. సన్నటి లాప్‌టాప్‌లో గాలి ఆడే చోటే ఉండదు, పెద్ద డబ్బాలో ఉంటుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. డెస్క్‌టాప్‌లో ఏ భాగం పోతే ఆ భాగమే మార్చుకోవచ్చు, డబ్బు చేతికొచ్చినప్పుడు ఒక్కో భాగం పెంచుకోవచ్చు. లాప్‌టాప్‌లో ముఖ్యమైన చిప్పులు బోర్డుకే అతికించి వస్తాయి.

చిట్టీ డబ్బుతో సంసారం నడిపే మనలాంటి వాళ్లకు ఈ మూడో సంగతి వరం లాంటిది. ఇల్లు కట్టేటప్పుడు ముందు కింది అంతస్తు వేసుకుని, పైకి చువ్వలు వదిలి పెట్టమూ? ఇదీ అంతే.

'ఆడపిల్లకు గేములేంది వదినా?'

ఈ మాట అన్నది మా ఆడబిడ్డ. "ఆ పైసలు పెడితే ఇంత బంగారమన్నా వస్తది గద. రేపు పెండ్లికి పనికొస్తది" అంది. ఆమె మాటలో ప్రేమ లేదని నేను అనను. కానీ మా అబ్బాయికి లాప్‌టాప్ కొన్న నాడు, అప్పు చేసి మరీ కొన్న నాడు, బంగారం సంగతి ఎవరూ ఎత్తలేదు. వాడు ఆ లాప్‌టాప్‌లో క్రికెట్ గేమ్ ఆడితే 'అలసిపోయాడు పాపం' అన్నాం. అమ్మాయి ఆడితే 'చెడిపోతోంది' అంటున్నాం. రెండో సంతానానికి, అందునా ఆడపిల్లకు, అన్న వాడి వదిలేసిన పుస్తకాలు, సైకిలు, ఫోను, లాప్‌టాపే దక్కాలా? నేను పట్టుదలగా ఉన్నది అందుకే.

పైగా ఆటల వెనుక పని కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం 'ఇమేజ్' అనే పేరుతో ప్రత్యేక విధానం ప్రకటించింది. సినిమాల గ్రాఫిక్స్ పనులు హైదరాబాద్‌లో ఎన్నో స్టూడియోల్లో జరుగుతున్నాయి. మా అమ్మాయి రేపు ఆ పనే చేస్తుందని నేను రాసివ్వలేను. నేర్చుకోవడానికి తగిన పనిముట్టు ఇవ్వడం వరకే నా పని. కుట్టుమిషన్ లేకుండా కుట్టు నేర్చుకోమంటే ఎవరు నేర్చుకుంటారు?

బోరు, మోటారు లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గేమింగ్ కంప్యూటర్‌కు ప్రాణం రెండు భాగాల్లో ఉంటుంది. లెక్కలు చేసేది ప్రాసెసర్. తెర మీద బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఈ రెండూ ఒకదానికొకటి తగ్గట్టుండాలి. మన నల్లగొండ, పాలమూరు వాళ్లకు బోర్లు, మోటార్ల గురించి ఒకరు చెప్పక్కర్లేదు. బోరులో రెండించుల నీళ్లే ఉంటే పది హెచ్‌పీ మోటారు దించి ఏం లాభం? అలాగే బలమైన బోరుకు చిన్న మోటారు పెట్టినా లాభం లేదు. చాలామంది దుకాణంలో చేసే పని, పేరున్న ఖరీదైన ప్రాసెసర్ కొని, డబ్బు అయిపోయి, గ్రాఫిక్స్ కార్డు దగ్గర నాసిరకంతో సరిపెట్టుకోవడం. గేమ్స్‌కు దీన్ని తిరగేయాలి. ప్రాసెసర్ మధ్యరకం చాలు, ఎక్కువ డబ్బు కార్డుకే పోవాలి.

ప్రాసెసర్లలో తక్కువ బడ్జెట్‌కు సరిపోయేవి రెండు వైపులా ఉన్నాయి. ఇంటెల్‌లో కోర్ ఐ3 12100 రకం, ఏఎండీలో రైజెన్ 5 5600 రకం. రెండూ 2022లో వచ్చినవే. కొత్తవి కావు, కానీ మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద ఆడుకోవడానికి చక్కగా సరిపోతాయి. ఇక్కడ పేరు చివర ఉండే అక్షరం జాగ్రత్తగా చూడాలి. ఇంటెల్ పేరు చివర 'ఎఫ్' ఉంటే అందులో బొమ్మ చూపించే సదుపాయం ఉండదు, గ్రాఫిక్స్ కార్డు లేనిదే తెర వెలగదు. రైజెన్ 5600 పేరు చివర 'జీ' ఉంటే కాస్తంత గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. ఆ ఒక్క అక్షరం మీదే మా కొనుగోలు మొత్తం నడిచింది.

ఎలాగంటారా? అన్నీ ఒకేసారి కొనేంత డబ్బు మా దగ్గర లేదు. అందుకని ముందు విడతలో గ్రాఫిక్స్ కార్డు మానేసి, 5600జీ ప్రాసెసర్ తీసుకున్నాం. దాంతో వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ లాంటి ఆటలు, పాత జీటీఏ 5 కూడా, బొమ్మ నాణ్యత కాస్త తగ్గించుకుంటే నడుస్తాయి. చదువు, బ్లెండర్‌లో నేర్చుకునే చిన్న పనులు సాగిపోతాయి. ఆర్నెల్లకు చిట్టీ ఎత్తినప్పుడు కార్డు తెచ్చి గుచ్చుతాం. పెట్టె మారదు, మిగతా భాగాలేవీ మారవు.

కార్డుల్లో మేం రాసుకున్నవి రెండు. ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 6600, ఎన్‌విడియా వారి ఆర్‌టీఎక్స్ 3050. ఆటలకు మాత్రమే అయితే మొదటిది వేగం. కానీ బ్లెండర్ పనికి ఎన్‌విడియా కార్డులు బాగా కలిసొస్తాయి. మా అమ్మాయి మొగ్గు అందుకే రెండో దాని వైపు ఉంది. ఇక్కడా ఓ మెలిక ఉంది. ఆర్‌టీఎక్స్ 3050 అనే ఒకే పేరుతో రెండు సరుకులు ఉన్నాయి. 2022లో వచ్చిన 8 జీబీ కార్డు 130 వాట్లది. 2024లో వచ్చిన 6 జీబీ కార్డు 70 వాట్లది, బలం తక్కువ. ఒకే బ్రాండు పేరుతో మేలు రకం బియ్యం, నాసి బియ్యం అమ్మినట్టు! పెట్టె మీద జీబీ చదవకుండా డబ్బివ్వకండి.

నూరు రూపాయల్లో ఎవరికి ఎంత?

ధరలు వారానికో తీరుగా ఉంటున్నాయి. అందుకని ఫలానా భాగం ఇన్ని వేలు అని చెబితే మీరు చదివే నాటికి తప్పవుతుంది. నూటికి ఇంత అని పెట్టుకుంటే ఏ బడ్జెట్‌కైనా పనికొస్తుంది. మా పుస్తకంలో రాసుకున్న లెక్క ఇది, మానిటర్‌తో కలిపి. గ్రాఫిక్స్ కార్డుకు 33 రూపాయలు, ప్రాసెసర్‌కు 14, ర్యామ్‌కు 13, మానిటర్‌కు 12, మదర్‌బోర్డుకు 11, ఎస్‌ఎస్‌డీకి 7, ఎస్‌ఎంపీఎస్‌కు 6, క్యాబినెట్‌కు 4. కీబోర్డు, మౌస్, యూపీఎస్ దీనికి అదనం. మా మొత్తం బడ్జెట్ 60 వేలు. అందులో కార్డు వాటా దాదాపు 20 వేలు పక్కన పెడితే, మొదటి విడతకు 40 వేలు.

ర్యామ్‌కు 13 రూపాయలు ఎక్కువ కాదా అని అడగొచ్చు. రెండేళ్ల కింద అయితే ఎక్కువే. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు ప్రపంచమంతా బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోతుంటే, చిన్న కొనుగోలుదార్లకు కొరత వచ్చింది. ఎక్కడో అమెరికాలో ఏదో కడితే నల్లగొండ ప్రకాశం బజార్‌లో మన లెక్క తప్పుతోంది, చూడండి! అయినా 16 జీబీ కంటే తగ్గొద్దు. అది కూడా 16 జీబీ ముక్క ఒకటి కాకుండా, 8 జీబీ ముక్కలు రెండు తీసుకోండి. జంటగా పనిచేస్తే వేగం పెరుగుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని మొదటి విడతలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ర్యామ్‌లో డీడీఆర్4, డీడీఆర్5 అని రెండు తరాలున్నాయి. ఒకదాని గాడిలో మరొకటి పట్టదు. ఏది కొనాలో మదర్‌బోర్డు నిర్ణయిస్తుంది. ఏఎండీలో 2022లో వచ్చిన ఏఎం5 తరం బోర్డులు డీడీఆర్5 మాత్రమే తీసుకుంటాయి. అంతకు ముందరి ఏఎం4 బోర్డులు డీడీఆర్4 తీసుకుంటాయి. కొత్త తరం కొంటే ముందు ముందు ప్రాసెసర్ మార్చుకునే వీలు ఎక్కువ. పాత తరం కొంటే ఇవాళ చేతిలో డబ్బు మిగులుతుంది. మేం మిగిలే వైపే వెళ్లాం. అన్నట్టు, లాప్‌టాప్‌లోని ర్యామ్ డెస్క్‌టాప్ బోర్డులో పట్టదు, సైజే వేరు. ఎస్‌ఎస్‌డీ మాత్రం చాలావరకు పనికొస్తుంది. పాత లాప్‌టాప్‌ను పారేసే ముందు అది తీసి చూపించుకోండి.

అందరూ మరిచిపోయేది ఎస్‌ఎంపీఎస్

కరెంటును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చి లోపలి భాగాలన్నిటికీ పంచేది ఎస్‌ఎంపీఎస్. నూటికి ఆరు రూపాయల వస్తువే గానీ మిగతా తొంభై నాలుగు రూపాయల ప్రాణం దాని చేతిలో ఉంటుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే రకానికి ఆశపడొద్దు. లో వోల్టేజీకి మోటార్లు కాలిపోయి, వైండింగ్‌కు తిరిగిన రైతు కుటుంబాలు మనవి. కరెంటు హెచ్చుతగ్గులంటే ఏమిటో మనకు తెలుసు. 450 నుంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, మీద '80 ప్లస్ బ్రాంజ్' అనే గుర్తు, కనీసం మూడేళ్ల వారంటీ ఉండేలా చూసుకోండి. కార్డు తర్వాత కొన్నా సరే, దాన్ని మోసే ఎస్‌ఎంపీఎస్ ఇప్పుడే తీసుకోవాలి.

దానికి ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. కంప్యూటర్ డబ్బాను ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందంటే ఎర్తింగ్ సరిగా లేదని అనుమానించాలి. మా పాత ఇంట్లో హాల్లోని ప్లగ్గుకు ఎర్త్ వైరే లేదని అప్పుడే బయటపడింది. కంప్యూటర్ సంగతి అటుంచి, మనుషులకే ప్రమాదం కదా!

యూపీఎస్ విషయానికొస్తే, మామూలు 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లు మోస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేనన్నాళ్లూ చాలు. కార్డు పెట్టాక 1000 వీఏ అయితే నిశ్చింత. యూపీఎస్ ఉన్నది ఆట పూర్తి చేసుకోవడానికి కాదు, పని దాచుకుని నెమ్మదిగా ఆపడానికి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది 'సైన్ వేవ్' రకమో కాదో కనుక్కోండి. పాత 'స్క్వేర్ వేవ్' ఇన్వర్టర్లతో కొన్ని మంచి ఎస్‌ఎంపీఎస్‌లు పడవు, కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంది.

క్యాబినెట్ ముందు అద్దం ఉన్నవి అందంగా ఉంటాయి. మన దుమ్ముకూ, ఎండకూ ముందు జాలీ ఉన్నదే మంచిది. రంగు రంగుల లైట్లకు పెట్టే డబ్బు అదనంగా ఇంకో ఫ్యానుకు పెట్టండి. ఎండాకాలంలో ఎయిర్ కూలర్ ఎదురుగా మాత్రం కంప్యూటర్ ఉంచకండి. ఆ తేమ, మన ఉప్పునీళ్ల తుంపర్లు లోపల చేరితే బోర్డు పాడవుతుంది.

జీరో బిల్లు దాటిపోతుందా?

ఇది మా వారి భయం. మాది గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లు. 2024 మార్చి నుంచి అమలవుతున్న ఆ పథకంలో నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు కట్టాల్సిందే. గేమింగ్ కంప్యూటర్ అంటే మీటరు గిర్రున తిరుగుతుందని అందరూ అంటారు. కూర్చుని లెక్క వేశాం. కార్డు పెట్టాక కూడా ఆట ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి సుమారు 250 వాట్లు. రోజుకు రెండు గంటలు ఆడితే అర యూనిట్, నెలకు 15 యూనిట్లు. చదువుకు, మామూలు పనికి 100 వాట్లు అనుకుని నాలుగు గంటలు వేస్తే నెలకు 12 యూనిట్లు. మొత్తం 27. పాత లాప్‌టాప్ అదే ఆరు గంటలకు 9 యూనిట్లు తినేది. అంటే నెలకు 18 యూనిట్లు ఎక్కువ.

చలికాలంలో మాకిది లెక్కలోకి రాదు. కూలర్లు తిరిగే ఏప్రిల్, మే నెలల్లోనే చూసుకోవాలి. మీరూ పోయిన ఎండాకాలం బిల్లులు తీసి చూడండి. 180 దగ్గర ఆగిన ఇల్లయితే ఆ రెండు నెలలు ఆట ఒక గంటకు తగ్గించుకోవాలి. మా అమ్మాయే ఈ లెక్క చూసి 'సెలవుల్లో పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పని చేసుకుంటాను, సాయంత్రం గంటే ఆడతాను' అంది. తిట్టి ఒప్పించే కంటే లెక్క చూపించడం మేలు.

ఎక్కడ కొనాలి?

మా గడియారం సెంటర్ చుట్టుపక్కలా, ప్రకాశం బజార్‌లోనూ కంప్యూటర్ దుకాణాలున్నాయి. పెద్ద బజారంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటే ఎవరైనా చెబుతారు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మన ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. తల్లీ కూతుళ్లం ఆధార్ కార్డులు పట్టుకుని రెండు సార్లు వెళ్లొచ్చాం. నాలుగు దుకాణాల్లో భాగాల వారీగా ధర కాగితం మీద రాయించుకున్నాం. 'అంతా కలిపి ఇంత' అనే వాళ్ల దగ్గర ఆగలేదు. అలా కలిపి చెప్పినప్పుడే ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు దగ్గర నాసిరకం దూరుతుంది.

చివరికి కొన్నది మాత్రం నల్లగొండలోనే. ఏడెనిమిది వందలు ఎక్కువ పడినా, ఏదైనా తేడా వస్తే వంద కిలోమీటర్లు మోసుకెళ్లక్కర్లేదు. సీటీసీ ధరల కాగితం చూపిస్తే ఇక్కడి దుకాణదారు కూడా చాలావరకు దిగొచ్చాడు.

బిల్లు విషయంలో మొహమాటం వద్దు. బిల్లు లేకుండా తీసుకుంటే జీఎస్టీ 18 శాతం తగ్గుతుందని ఆశ పెడతారు. బిల్లు లేకపోతే వారంటీ అడిగే మొహం ఉండదు. ప్రతి భాగం పేరూ, సీరియల్ నంబరూ బిల్లులో రాయించండి. ప్రాసెసర్ కంపెనీ సీలున్న పెట్టెలో ఉండాలి. పెట్టె లేకుండా 'ట్రే ప్రాసెసర్' అని తక్కువకు ఇస్తారు, దానికి వారంటీ చిక్కులొస్తాయి. ప్రాసెసర్‌కు, మదర్‌బోర్డుకు మామూలుగా మూడేళ్ల వారంటీ ఉంటుంది. ఖాళీ పెట్టెలన్నీ అటక మీద దాచండి.

సెకండ్ హ్యాండ్ కార్డు సంగతి మా అబ్బాయి ఫోన్‌లో చెప్పాడు. కొన్నేళ్ల కింద ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ కోసం రాత్రింబవళ్లు నడిపిన కార్డులు చాలా ఉండేవి. 2022 సెప్టెంబర్‌లో ఆ పద్ధతి మారడంతో అవన్నీ సెకండ్ హ్యాండ్ బజార్లోకి వచ్చాయి. అన్నీ చెడ్డవని కాదు. కానీ ఫ్యాను శబ్దం వినకుండా, అరగంట ఆట ఆడించి చూడకుండా, వారంటీ మిగిలిందో లేదో బిల్లు చూడకుండా కొనొద్దు.

ఆట పిచ్చి పట్టుకుంటే?

మహబూబ్‌నగర్‌లో ఉండే మా అక్క భయం ఇది. వాళ్ల అబ్బాయి పదో తరగతి. "నీ బిడ్డను చూసి వీడు కూడా అడుగుతున్నడు. ఇప్పటికే ఫోన్‌ల మునిగి ఉంటడు. గిది కూడా వస్తే ఇంకేమన్న ఉన్నదా?" అంది. భయం న్యాయమైనదే. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవన్నీ చాలా నెలలుగా సాగుతుంటే డాక్టర్‌కు చూపించాలి.

కానీ అక్కకు నేను చెప్పింది ఒకటే. ఫోన్ దుప్పటి కిందికి దూరుతుంది. డెస్క్‌టాప్ దూరదు. దాన్ని హాల్లో, అందరికీ కనిపించే మూల పెట్టండి. పిల్లవాడు ఏం ఆడుతున్నాడో, ఎవరితో మాట్లాడుతున్నాడో వంటింట్లోంచి కూడా తెలుస్తుంది. ఇక డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి. ఆన్‌లైన్ పేకాట లాంటి వాటిని తెలంగాణలో 2017లోనే చట్టం మార్చి నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. పిల్లలు ఆడేది ఆటో, జూదమో తేడా తెలుసుకోవడం మన బాధ్యత. ఫోన్‌పే, కార్డు వివరాలు ఆ కంప్యూటర్‌లో దాచిపెట్టకండి.

మా ఇంట్లో షరతులు మూడు పెట్టుకున్నాం. రాత్రి పదింటికి ఆపాలి. పరీక్షల ముందు పదిహేను రోజులు ఆట బంద్. నెలకోసారి దుమ్ము దులపడం అమ్మాయి పనే, ప్లగ్గు తీసి, ఫ్యాను రెక్క కదలకుండా పట్టుకుని. ఇవి అబ్బాయికైనా అమ్మాయికైనా ఒకటే.

భాగాలు బిగించే రోజు దుకాణదారు 'రెండు గంటలాగి రండమ్మా, రెడీ చేసి పెడతా' అన్నాడు. అమ్మాయి వెళ్లలేదు. 'అంకుల్, నేను బిగిస్తాను, మీరు చూస్తూ ఉండండి' అని కూర్చుంది. చేతిలోని స్థిర విద్యుత్ పోవడానికి ముందుగా క్యాబినెట్ లోహాన్ని ముట్టుకుంది. ప్రాసెసర్ మూలనున్న బంగారు త్రికోణం గుర్తును బోర్డు మీది గుర్తుతో కలిపింది. ర్యామ్ ముక్కలు టక్కుమనే దాకా నొక్కింది. స్విచ్ వేస్తే తెర వెలిగింది. బిల్లు ఎవరి పేరు మీద రాయమంటారని దుకాణదారు మా వారిని అడిగాడు. నేను అమ్మాయి పేరు చెప్పాను. మూడేళ్ల వారంటీ అడగడానికైనా, రేపు కార్డు కొనడానికైనా అదే పేరు పనికొస్తుంది.

మీ పిల్లలు అడిగినప్పుడు వెంటనే 'వద్దు' అనకండి, వెంటనే 'సరే' కూడా అనకండి. కాగితం, పెన్నూ ఇచ్చి 'ఏ భాగం ఎందుకో రాసి చూపించు' అనండి. రాసి ఒప్పించగలిగితే, వాళ్లు ఆ వస్తువును జాగ్రత్తగా చూసుకుంటారని సగం నమ్మకం అక్కడే వచ్చేస్తుంది. మిగతా సగానికి మన బేరమాడే నోరు ఉండనే ఉంది!